వెనక గేటు తాళం: ఒక కాలనీ పార్కు కేస్ స్టడీ

నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. హైదరాబాద్ శివారులో ఒక కాలనీ పార్కు మీద మూడేళ్లకు పైగా పనిచేశాను. కాలనీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను. పార్కు పనులు చేసే తోటివాళ్లకూ కాలనీ సంఘాల్లో తిరిగేవాళ్లకూ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. మొదటి ఏడాది నేను చేయించిన పనిలో కొలత తప్పలేదు, నాసిరకం సరుకు పడలేదు. అయినా ఆ పని వల్ల పార్కు మునుపటి కంటే పాడైంది. ఎందుకు పాడైందో తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

నేపథ్యం

కాలనీ 1990ల నాటి లేఅవుట్. అందులో 10 శాతం జాగా పార్కుకని వదిలి, గిఫ్ట్ డీడ్ కింద స్థానిక సంస్థకు రాసిచ్చారు. అప్పుడన్నీ విడి ఇళ్లు. ఇప్పుడు చాలావరకు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు. పార్కుకు దక్షిణాన ఒక బస్తీ ఉంది, అది కాలనీ కంటే పాతది. క్వారీల్లో రాయి కొట్టడానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. ఇప్పుడు మగవాళ్లలో ఎక్కువమంది ఆటో నడుపుతారు, తాపీ పని చేస్తారు. ఆడవాళ్లలో చాలామంది ఇదే కాలనీ ఇళ్లలో పనిచేస్తారు.

పార్కు ఎకరం పావు ఉంటుంది. ప్రహరీ పొడవునా కానుగ చెట్లు, మధ్యలో రెండు పెద్ద వేపలు, ఓ మూలకు రావి. ప్రహరీకి లోపలివైపు మనిషెత్తున కోనోకార్పస్ వరస. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు అని ఒకప్పుడు ఊరూరా నాటించిన మొక్క అది. గేట్లు రెండు. ముందుది కాలనీ రోడ్డు మీదికి, వెనకది బస్తీ సందులోకి. మేం వెళ్లేనాటికి ఏడెనిమిదేళ్ల ముందు పార్కు దగ్గర ఒకావిడ మెళ్లో గొలుసు తెంపుకుపోయారు. దొంగ దొరకలేదు. ఆ వారమే వెనక గేటుకు గొలుసు చుట్టి తాళం వేశారు. ముందు గేటు పొద్దున 5 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరిచేవారు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

సంఘం కార్యదర్శి రిటైర్డ్ ఇంజనీరు. మొదటిసారి పార్కు చూపించడానికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఓ ప్లాస్టిక్ బకెట్ ఉంది, అందులో పగిలిన సీసా పెంకులు. రోజూ తెల్లవారుజామున పిల్లలు వచ్చేలోగా ఆయనే వంగి వంగి ఏరేవారు. ఈ కేసులో ఆయనతో చాలాసార్లు విభేదించాను గానీ, ఆ బకెట్ నా కళ్లముందు నుంచి ఎప్పుడూ పోలేదు. ఆ పార్కును ఆయనంతగా పట్టించుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆయన చెప్పింది ఇది: చీకటి పడితే తాగేవాళ్లు గోడ దూకి వస్తున్నారు, ఊయల గొలుసులు తెంపారు, ఆడవాళ్లు సాయంత్రం రావడం మానేశారు. సంఘం అడిగినవి నాలుగు. నాలుగడుగుల గోడను ఏడడుగులకు లేపడం, మధ్యలో హైమాస్ట్ లైటు (ఎత్తైన స్తంభం మీద పెద్ద దీపాల గుత్తి), సీసీ కెమెరాలు, రావిచెట్టు వైపు మూలన ఒక ఫంక్షన్ హాలు. హాలుంటే జనసంచారం ఉంటుందని వాళ్ల ఆలోచన.

హాలు మాత్రం కుదరదని మొదటి సమావేశంలోనే చెప్పాం. పార్కుకని రాసిచ్చిన జాగాలో పార్కుతో సంబంధం లేని కట్టడం రాకూడదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే, చుట్టుపక్కల నివాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్న హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. ఆసుపత్రికే దక్కనిది ఫంక్షన్ హాలుకు దక్కదు కదా అంటే కార్యదర్శి ఒప్పుకున్నారు. మిగతా మూడింటికీ నేను తల ఊపాను. గోడకూ లైటుకూ నిధులు మంజూరై ఉన్నాయి, కాదంటే వెనక్కి పోతాయి. హాలు వద్దన్నాక మళ్లీ గోడ కూడా వద్దంటే మమ్మల్ని సాగనంపుతారని భయం కూడా ఉంది. అడిగినవి ముందు చేసి నమ్మకం సంపాదించుకుందాం, అసలు పని తర్వాత చూద్దాం అనుకున్నాను. చాలామంది ఇలాగే అనుకుంటారు. గోడ ఒకసారి లేచాక దాన్ని దించడం ఎంత కష్టమో నేను లెక్కలోకి తీసుకోలేదు.

చేసినవి, చెడినవి

గోడ లేచింది. హైమాస్ట్ వెలిగింది. నాలుగు కెమెరాలు, టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్ వచ్చాయి. మొదటి నెల పొద్దున నడిచేవాళ్లు బాగా పెరిగారు. సంఘం మాకు శాలువా కప్పింది. మూడో నెలకు బకెట్‌లో పెంకులు మళ్లీ మొదలయ్యాయి, నాలుగో నెలకు మునుపటి కంటే ఎక్కువయ్యాయి.

రాత్రి 8 గంటలకు వెళ్లి నిలబడితే కారణం తెలిసింది. పాత నాలుగడుగుల గోడ మీదుగా రోడ్డున పోయే ఎవరికైనా లోపల ఏం జరుగుతోందో కనబడేది. ఏడడుగుల గోడ, దాని వెనక కోనోకార్పస్ పొద కలిసి తాగేవాళ్లకు చక్కని చాటు కట్టిపెట్టాయి. హైమాస్ట్ పార్కు మధ్యలో పట్టపగల్లా కాస్తోంది. ఆ వెలుగుకు అలవాటుపడ్డ కంటికి కానుగ చెట్ల కింద నీడ ఇంకా నల్లగా కనిపిస్తుంది. మధ్యలో నిలబడ్డ అమ్మాయిని అందరూ చూడగలరు, ఆమెకు మాత్రం ఎవరూ కనబడరు. నేనూ ఒక్కదాన్నే ఆ వెలుగులో నిలబడి చూశాను, రెండు నిమిషాలు ఉండబుద్ధి కాలేదు. ఇక కెమెరాల సంగతి. రాత్రి జరిగింది మర్నాడు చూపిస్తాయి అంతే. ఆ క్షణాన “ఎవరు బాబూ అక్కడ?” అని అడిగే నోరు వాటికి లేదు.

దక్షిణం గోడ మీద ఒకచోట ప్లాస్టరు నున్నగా అరిగి నల్లబడింది. కట్టి నాలుగు నెలలే. చేత్తో తడిమి చూశాను. అడుగున ఇటుక అంచు పాదం ఆనీ ఆనీ గుండ్రంగా అరిగి, పైన వేళ్లు పట్టేచోట జిడ్డు తేలింది. అంతమంది తాగుబోతులు రోజూ దూకరు. మరి దూకుతున్నది ఎవరు? ఆ ప్రశ్నతో లెక్కింపు మొదలైంది. మొదటి గీత గీయడానికి ముందే చేయాల్సిన పని అది.

లెక్కింపు

రెండు వారాల పాటు, తెల్లవారి 5 నుంచి రాత్రి 9 దాకా, అరగంటకోసారి. పెద్ద పనిముట్లేం లేవు. చేత్తో గీసిన పార్కు పటం, నాలుగు రంగుల పెన్నులు. ఎవరు ఎక్కడ ఉన్నారు, కూర్చున్నారా నడుస్తున్నారా ఆడుతున్నారా, ఆడా మగా, వయసు సుమారుగా ఎంత. ఒక్కటి మాత్రం పట్టుబట్టి చేయించాను, గోడకు బయట ఓ ఇరవై అడుగుల దాకా ఉన్నవాళ్లనూ గుర్తించాలి అని. ఈ కేసు దారి మార్చింది ఆ ఇరవై అడుగులే.

గోడ దూకేది ఎక్కువగా బస్తీ పిల్లలు, సాయంత్రం క్రికెట్ కోసం. ముందు గేటు నుంచి వస్తే వాచ్‌మన్ ఏ బ్లాకు అని అడుగుతాడు. ముందు గేటు పక్కన కానుగ నీడలో ఇస్త్రీ బండి ఉంది. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా అక్కడ ఎనిమిది, పది మంది ఆడవాళ్లు కూర్చుంటున్నారు. పొద్దుటి ఇళ్ల పని ముగించి, సాయంత్రం పనికి వెళ్లేలోగా దొరికే తీరిక అది. వాళ్లు కూర్చున్నది మా ట్రాక్ పనిలో మిగిలిపోయిన షాబాద్ బండల కుప్ప మీద. గోడకు అవతల ఎకరం పావు నీడ తాళం వేసి ఉంది.

లోపల ఇంకో సంగతి తేలింది. పదేళ్ల లోపు ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానం. పన్నెండు దాటిన ఆడపిల్లలు మా పటాల్లో దాదాపు లేరు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో ఇదే గమనించి, 1999లో రెండు పార్కులను ఆడపిల్లల్ని అడిగి మార్చారు. చదివి తెలిసిన విషయమే. సొంత పటం మీద ఆ రంగు చుక్కలు కనబడకపోయేసరికి మాత్రం మనసు చివుక్కుమంది.

బండల మీద కూర్చునే వాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. వెనక గేటు గురించి అడిగితే ఆమె చెప్పిన మాట నా నోటుబుక్కులో అలాగే ఉంది: “గేటు ఉన్నప్పుడు పొద్దుగూకినంక గూడ పార్కుల నుంచే పనికి పోయి వస్తుంటిమి బిడ్డా. మేం వందమందిమి నడుస్తుంటే తాగెటోళ్లు ఏడ కూసుంటరు?”

నడిచిపోయేవాళ్లే కాపలా. గొలుసు దొంగతనం తర్వాత గేటు మూసి, ఆ కాపలాను తీసేశారు. ఇప్పుడు ఆమె పార్కు చుట్టూ తిరిగి, ఫుట్‌పాత్ లేని మెయిన్ రోడ్డు మీదుగా ముప్పావు కిలోమీటరు అదనంగా నడుస్తోంది. పార్కు సాయంత్రం ఆరున్నరకల్లా ఖాళీ అవుతోంది. ఖాళీ అయింది కనుక తాగేవాళ్లు వస్తున్నారు, తాగేవాళ్లు వస్తున్నారని మిగిలినవాళ్లు ఇంకాస్త ముందే వెళ్లిపోతున్నారు.

గేటు కోసం రెండు ఓటములు

పటాలు పట్టుకుని సంఘం సమావేశానికి వెళ్లాను. గేటు తెరవాలన్నాను. రెండు వర్గాలు కలవాలి, అందరిదీ పార్కు అని చాలాసేపు మాట్లాడాను. వెనక వరస నుంచి ఒకావిడ లేచి, “మేడమ్, మీ ఇల్లు ఇక్కడ లేదు కదా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గొలుసు పోయింది ఆమె వదినకని తర్వాత తెలిసింది. భయపడ్డ మనిషికి చుక్కల పటం చూపించడం, ఆమె భయాన్ని తప్పు లెక్కగా తీసిపారేసినట్టే. తీర్మానం వీగిపోయింది.

తర్వాత కాలనీ నుంచి ఐదుగురు, బస్తీ నుంచి ఐదుగురితో ఉమ్మడి కమిటీ అన్నాం. కాగితం మీద బాగుంది. సమావేశాలు ఆదివారం 11 గంటలకు, సంఘం ఆఫీసు మేడ మీద. బస్తీవాళ్లు చెప్పులు కింద విప్పి వచ్చి తలుపు దగ్గరి కుర్చీల్లో కూర్చునేవారు. మూడో సమావేశానికి ఒక్కరే వచ్చారు, నాలుగోదానికి ఎవరూ రాలేదు. ఆదివారం 11 అంటే ఇళ్లలో చుట్టాలు దిగి పని రెట్టింపయ్యే వేళ. ఆ గది వాళ్లు తుడిచే గది, వాళ్లు కూర్చునే గది కాదు. ఈ రెండూ నాకు ముందే తట్టాల్సింది.

పనిచేసిన దారి

దారి చూపించింది బతుకమ్మ. కాలనీ ఆడవాళ్లు ఏ అపార్ట్‌మెంట్‌కి ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్లు బయట పెట్టించి ఆడుకునేవారు. బస్తీవాళ్లు సందులో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా, ఆ తొమ్మిది సాయంత్రాలు మాత్రం వెనక గేటు తీద్దామని ఈసారి నేను అడగలేదు, కార్యదర్శి గారి భార్య అడిగారు. మొదలూ ముగింపూ తెలిసిన విన్నపం. పండగ కనుక కాదనడం ఎవరికీ తేలిక కాదు. అడిగినావిడ ఇల్లు అక్కడే ఉంది.

పాటతో అందరూ ఒక్కటైపోయారని రాయలేను. మొదటి రోజు రెండు వలయాలు, రెండు మైకులు. సద్దుల రోజున కూడా రెండు వలయాలే. కానీ అప్పటికి మైకు ఒక్కటే మిగిలింది, పాట ఎత్తుకునేది బస్తీ పెద్దావిడ, రెండు వలయాలూ ఆమెకే వంతపాడాయి. తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతుందో కాలనీవాళ్లకు చెప్పింది కూడా వాళ్లే. ఆ తొమ్మిది రోజుల్లో ఏడు పొద్దులు కార్యదర్శి గారి బకెట్ ఖాళీ. ఆ సంగతి ఆయనే సమావేశంలో చెప్పి, 45 రోజులు గేటు తెరిచి చూద్దాం, తేడా వస్తే మళ్లీ మూసేద్దాం అన్నారు. నేను ఏడాదిగా అడుగుతున్నది శాశ్వత నిర్ణయం, ఆయన అడిగింది వెనక్కి తీసుకోగల నిర్ణయం. చేతులు లేచాయి. మీ ఇల్లు ఇక్కడ లేదు కదా అన్నావిడ చెయ్యెత్తలేదు, అడ్డుచెప్పనూ లేదు.

వెంటనే వచ్చిన ప్రశ్న, తాళం ఎవరి దగ్గర ఉండాలి? వాచ్‌మన్ దగ్గరుంటే సంఘం మాటే వింటాడని బస్తీ అనుమానం. బస్తీ కుర్రాళ్ల దగ్గరుంటే రాత్రి ఎవరు తీస్తారోనని కాలనీ అనుమానం. చివరికి ఇస్త్రీ చేసే ఆమె పేరు రెండువైపుల నుంచీ వచ్చింది. కాలనీలో ఏ ఫ్లాట్ బట్టలు ఏవో ఆమెకు తెలుసు, బస్తీలో ఏ పిల్లాడు ఎవరి కొడుకో తెలుసు. పొద్దున 7 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది. బండిని పార్కు లోపల పెడితే వ్యాపారం అవుతుందని అభ్యంతరం వచ్చింది, సబబైన అభ్యంతరమే. వెనక గేటు బయట, సందు అంచున, కానుగ నీడ పడేచోటికి మార్చాం. తాళం చూసుకున్నందుకు సంఘం నెలనెలా కొంత ఇస్తుంది. ఆమె ఆ తాళంచెవిని బొగ్గుల ఇస్త్రీపెట్టె పిడికి ఎర్రదారంతో కట్టుకుంది.

కట్టడం పనులు ఈ 45 రోజులు గడిచాకే మొదలుపెట్టాం. రోడ్డువైపూ సందువైపూ గోడను మూడడుగులకు కోసి పైన గ్రిల్ పెట్టాం. నేను లేపిన గోడను నేనే కోయించాను. కోనోకార్పస్ తీసేశాం. న్యూయార్క్‌లో బ్రయంట్ పార్కు మత్తుమందుల అడ్డాగా మారినప్పుడు, పొదలు తీసి బయటి చూపు లోపలికి పడేలా చేసి 1992లో తిరిగి తెరిచారు. దాని వెనకున్న సూత్రం మన కాలనీ పార్కుకూ సరిపోయింది. కానుగల కింది కొమ్మల్ని ఎనిమిదడుగుల ఎత్తుదాకా తీసి, హైమాస్ట్ ఆపేసి, ట్రాక్ పొడవునా పన్నెండడుగుల స్తంభాలకు చిన్న పసుపు లైట్లు పెట్టాం. వెలుగు తగ్గింది, కనబడడం పెరిగింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది అరుగు. స్టీలు బెంచీ మీద ముగ్గురు వరసగా ఒకేవైపు చూస్తూ కూర్చోవాలి, మాట్లాడుకోవాలంటే మెడ తిప్పాలి. వేపచెట్ల చుట్టూ మనం తరతరాలుగా కట్టుకున్నది అరుగే. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు పెట్టాం, ముసలివాళ్లు మోకాళ్ల మీద చెయ్యి ఆనించకుండా లేవగలిగేంత. వెడల్పు రెండున్నర అడుగులు, కాళ్లు మడిచి బాసింపట్టు వేసుకునేంత, లేదా ఇద్దరు వీపు వీపు ఆనించుకునేంత. మొదలు చుట్టూ మూడడుగుల మట్టి వదిలేశాం, లేకపోతే వేరుకు నీరూ గాలీ అందవు. పైన పరిచింది గేటు పక్కన మిగిలిపోయిన ఆ షాబాద్ బండలనే. మధ్యాహ్నం కూడా పార్కు తెరవడం మొదలయ్యాక ఆ ఆడవాళ్లు మళ్లీ అవే బండల మీద, ఈసారి లోపల కూర్చున్నారు.

ఆడపిల్లల్ని విడిగా, వాళ్ల అమ్మలు లేకుండా అడిగాం. ఊయలలు ఎవరూ అడగలేదు. వచ్చేవాళ్లు తమకు కనబడాలి, ట్రాక్ మీద తిరిగే మగవాళ్ల కళ్లు మాత్రం తమ మీద ఉండకూడదు, షటిల్ ఆడుకోవడానికి గీతలు కావాలి అన్నారు. ట్రాక్‌ను ఓ పక్కకు మళ్లించి రెండు షటిల్ కోర్టులు గీశాం. సాయంత్రం 5 నుంచి ఆరున్నర దాకా వాళ్లవే. కాలనీ పిల్లా బస్తీ పిల్లా ఒకే జట్టుగా ఆడడం నేను మొదట చూసింది అక్కడ.

ఫలితాల మీద నా పట్టింపులు

ఏడాది తర్వాత అదే పటాలతో అదే రెండు వారాలు మళ్లీ లెక్కించాం. సాయంత్రం ఏడింటికి పార్కులో ఉన్నవాళ్లలో దాదాపు సగం ఆడవాళ్లు. పగిలిన సీసాలు బాగా తగ్గాయి. కానీ ఆ తగ్గుదల మొత్తం గేటు వల్లేనని చెప్పను. మేం గేటు తెరిచిన కొత్తల్లోనే దగ్గరి వైన్స్ షాపు కొంతకాలం మూతపడింది. మళ్లీ తెరిచాక బోరు గది వెనక మూలన సీసాలు కొన్ని తిరిగి కనబడ్డాయి. ఆ గదికి కిటికీ లేదు, దాని వెనక్కి ఎవరి చూపూ పోదు. అక్కడ తోటమాలి నర్సరీ పెట్టాక తగ్గాయి. గేటు, చూపు, వైన్స్ ఈ మూడింట్లో దేని వంతు ఎంతో విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. షటిల్ కోర్టులు వచ్చాక పదిహేను, పద్దెనిమిదేళ్ల మగపిల్లలకు క్రికెట్ జాగా సగమైంది. పొద్దున 6 నుంచి 8 ఇచ్చాం, ఆ వేళకు వాళ్లలో కొందరు పేపర్లు వేస్తారు, కొందరు పాల ప్యాకెట్లు వేస్తారు. వాళ్లు ఇప్పుడు సందులోనే ఆడుతున్నారు. గోడ దూకినందుకు తిట్లు తిని, గేటు తెరిచాక ఆట పోగొట్టుకున్నది వాళ్లే. దీనికి పరిష్కారం ఆ ఎకరం పావులో దొరకదనిపిస్తోంది. దేశంలో పట్టణ ప్రణాళికకు 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటాయి. పార్కు విస్తీర్ణాన్ని కాలనీ, బస్తీ జనంతో భాగిస్తే ఇక్కడ తలకు ఒక చదరపు మీటరు కూడా రాదు.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఏ పార్కుకు పిలిచినా, ఎవరు పాడుచేస్తున్నారని మొదట అడగను. ఇక్కడికి రావడం మానేసింది ఎవరు, ఏ ఏడాది నుంచి, ఆ ఏడాది ఏం జరిగింది అని అడుగుతాను. ఆ జవాబుల్లో చాలాసార్లు ఒక మూసిన గేటు గానీ, తీసేసిన కుళాయి గానీ, మార్చిన వేళలు గానీ ఉంటాయి. రెండు వారాల లెక్కింపుకు ఒప్పుకోని పని తీసుకోవడం మానేశాను. నిధులు వెనక్కి పోతాయన్న తొందరకు లొంగి ఈ పార్కులో కట్టిన గోడ, దాన్ని కోయడానికి అయిన ఖర్చు తలుచుకుంటే ఆ రెండు వారాలు ఎంత చౌకో తెలుస్తుంది. సమావేశాలు వేపచెట్టు కిందే, రాత్రి ఏడున్నరకు. ఏ మార్పైనా ముందు గడువుతో, వెనక్కి తీసుకునే వీలుతో అడుగుతాను. అడిగేది నేను కాకుండా చూసుకుంటాను.

ఒక పని మిగిలింది. ఆడవాళ్లు గంటకు మించి ఉండకుండా లేచిపోవడం రెండో లెక్కింపులో కనబడింది. టాయిలెట్ లేదు. గత ఏడాది ముందు గేటు దగ్గర రెండు గదులు కట్టారు, నీటి కనెక్షన్ కూడా వచ్చింది. శుభ్రం ఎవరు చేయాలి, ఆ జీతం ఎవరివ్వాలి అన్నది తేలక వాటికి తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి సంఘం ఆఫీసు మేడ మీద ఉంది. వచ్చే సమావేశంలో, 45 రోజుల గడువుతో, దాన్ని కూడా ఇస్త్రీ బండి దగ్గరికి మార్చాలని అడగబోతున్నారు. అడిగేది షటిల్ ఆడే అమ్మాయిలు.